అవ్వ కొరకని గింజ

మా అవ్వ కొరికి చూడనిదే మా చేలో వేరుశనగ విత్తనం పడేది కాదు. ‘కంటికేం తెలుస్తాదప్పా, నోటికి తెలియల్ల’ అనేది.

ఏళ్లనాటి ఆయాసం ముదిరి, పావగడ ఆసుపత్రిలో ముక్కుకు వేసిన గొట్టం గుండా ఆమెకు పాలు పోస్తున్న రోజుల్లో, రెండేళ్ల కరువు తర్వాత వాన పడింది. గొట్టం పీకేసుకుంటోందని ఆమె చేతులను చీర పీలికలతో మంచానికి కట్టింది నేనే.

నాన్న గుప్పెడు గింజలు తెచ్చి, ‘నేల పదునుండాది, విత్తల్ల. చూడుమ్మా’ అన్నాడు.

అవ్వ నోరు తెరిచింది.

‘వద్దు నాన్నా, నోట్లో ఏం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతాదని డాక్టరు చెప్పినాడు’ అని అడ్డుపడ్డాను. నేనే ఒక గింజ కొరికి, బాగుందన్నాను. అవ్వ మాత్రం నోరు మూయలేదు.

మర్నాడే చనిపోయింది. చేతుల కట్లు విప్పి, ఆ పీలికల్లో ఒకదానితోనే, ఇంకా తెరిచి ఉన్న ఆమె నోటిని మూసి కట్టాను.