అన్నీ గుర్రానివే

మా బావ నోట "తెలియదు" అన్న మాట విన్నవాడు ఈ భూమ్మీద లేడు. పాత వస్తువు ఏదైనా సరే, తుప్పు పట్టిందైనా, పిడి ఊడిందైనా, అటక మీద ఎలుకలు సైతం వదిలేసిందైనా, ఆయన చేతిలో పడితే అది వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేదో చెప్పి తీరాల్సిందే. చెప్పి ఊరుకుంటే బాగుండును. చేసి చూపిస్తాడు. ఎవరి మీదంటే, పక్కన ఎవరుంటే వాళ్ళ మీద. జీవితమంతా ఆయన పక్కన ఉన్నవాణ్ణి నేను.

ఆయన మా ఆవిడకి అన్న. నూలుమిల్లు సామాన్ల గిడ్డంగిని ఏలి రిటైరయ్యాడు. ఇక నేనంటారా, ఊరి బళ్ళో ఐదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆపితేనేం, మార్కెట్ కమిటీకి మూడుసార్లు అధ్యక్షుణ్ణయ్యాను. మా వీధికి మురుగు కాలవ తవ్వించాను. డిగ్రీలున్నవాళ్ళు అర్జీల మీద అర్జీలు పెట్టినా రాని పఠనమందిరాన్ని ఒక్క వేసవిలో లేపి నిలబెట్టాను. ఇది గొప్పకి చెప్పడం కాదు. ఆ మందిరం వరండాలోనే ఆదివారం పూట మా బావ కొలువు తీరేవాడు గనక చెప్పాల్సి వచ్చింది. జనం సంచుల్లో పాత సామాను వేసుకుని వచ్చేవారు. ఆయన కుర్చీలో, నేను పక్క బల్ల మీద.

ఒకాయన పాము నాలుకలా చివర చీలిన చెక్క తెచ్చాడు. బూట్లు విప్పుకునే చెక్క అని బావ చూస్తూనే తేల్చేశాడు. ఒక కాలితో దాన్ని తొక్కిపెట్టి, రెండో కాలి మడమ చీలికలో ఇరికించి లాగాలట. ఆ రెండు కాళ్ళూ నావే. బూటు ఊడలేదు గానీ నేను ఊడి మెట్ల కింద పడ్డాను. "చూశారా, పట్టు ఎలా ఉందో," అని బావ చెక్కను ఎత్తి అందరికీ చూపించాడు. నన్ను ఎత్తినవాడు లేడు.

ఇంకోసారి ఒకావిడ చెక్కతో చేసిన గుడ్డు పట్టుకొచ్చింది. పిల్లల ఆటవస్తువనుకుందట. కాదు, మేజోడుకి చిల్లి పడితే లోపల దీన్ని పెట్టి, గుడ్డ బిగువుగా ఉంచి కుట్టేవారని బావ చెప్పి, నా కాలి వైపు చూశాడు. మేజోడు ఇవ్వనన్నాను. లాగేశాడు. మార్కెట్ కమిటీ మాజీ అధ్యక్షుడి బొటనవేలికి గాలీ వెలుతురూ బాగా ఆడుతున్నాయని ఆ పూట ఊరంతటికీ తెలిసింది.

ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలోనే అడ్డం నిలబడేది. "అన్నయ్యా, నా వంటింట్లోకి మాత్రం అడుగు పెట్టకు. ఉన్న గరిటెలకి ఉన్న పేర్లు చాలు," అనేది.

అయితే లోకంలో అన్నీ తెలిసిన మనిషి ఉంటాడా? ఉండడు. మా బావకీ తెలియనివి ఉన్నాయని ముందుగా పసిగట్టింది నేనే. తెలిసిన వస్తువైతే చేతిలో పడగానే పేరు చెప్పేవాడు. తెలియనిదైతే కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, గంభీరంగా "గుర్రానిది" అనేవాడు. మా ఊళ్ళో గుర్రం లేదు. గుర్రాన్ని పెంచినవాడూ లేడు. ఇక కాదనేదెవరు? ఒకటి గుర్రం కనురెప్పలు దువ్వేదట. ఇంకొకటి గుర్రానికి నిద్ర పట్టకపోతే నుదుట రుద్దేదట. బ్యాంకు మేనేజరు గారింటికి పోతే, హాల్లో ఇత్తడి కుండీలో పూలు పెట్టి ఉన్నాయి. ఇది ఏ కాలం నాటిదో చెప్పండని ఆ ఇల్లాలు అడిగింది. కళ్ళజోడు తీశాడు. గుర్రప్పిల్లకి నీళ్ళు తాగించే పాత్ర అన్నాడు. దారిలో నేను ఉండబట్టలేక, "తెలియకపోతే తెలియదనొచ్చుగా బావా," అన్నాను.

"తెలియకపోతే అంటాను బావా," అన్నాడాయన.

ఇలా ఉండగా ఒక ఆదివారం కిరాణా కొట్టు పెద్దాయన కూతురు వచ్చింది. పెద్దాయన పోయి ఏడాది కాలేదు. మూతబడ్డ కొట్టును ఆ పిల్ల సున్నం వేయించి, కొత్త కరెంటు కాటా కొని, మర్నాడే తెరవబోతోంది. తండ్రంటే ప్రాణం. మా నాన్న చేతి తూకం అంటే తిరుగులేదని పది మందితో చెప్పుకునేది. ఆ మాట వచ్చినప్పుడల్లా మా వయసువాళ్ళం చెప్పుల వైపు చూసుకునేవాళ్ళం.

ఎందుకంటే, నేను అధ్యక్షుడిగా ఉండగా ఊళ్ళో ప్రతి త్రాసుకీ ప్రభుత్వ ముద్ర వేయించాను. పెద్దాయన త్రాసునీ పట్టి చూశాం. రాళ్ళు సరే, ముల్లు సరే. ఇంటికి తెచ్చి తూస్తే మాత్రం పంచదార తక్కువ. ఆ మనిషికీ నాకూ ఈ విషయంలో బజారులో ఎన్నిసార్లు కేకలయ్యాయో. చేపట్టిన పనుల్లో నాకు కొరుకుడుపడకుండా పోయింది ఆ కిటుకొక్కటే.

ఆ పిల్ల సంచిలోంచి ఒక వస్తువు తీసి మా బావ చేతిలో పెట్టింది. అరచేతిలో ఇమిడే సీసం బిళ్ళ, దానికి చిన్న కొక్కెం, పైన త్రాసు పళ్ళేనికి వేసే నల్లరంగు. నాన్న బల్ల కింద సొరుగులో గుడ్డ చుట్టి భద్రంగా దాచుకున్నాడని చెప్పింది. "ఆయనకి ఎంత ఇష్టం లేకపోతే అలా దాస్తాడు? ఇదేంటో తెలిస్తే, పేరు రాయించి రేపు కొట్లో గోడకి తగిలిస్తాను," అంది.

చూడగానే నాకు అర్థమైపోయింది. సరుకు పోసే పళ్ళెం అడుగున దాన్ని తగిలిస్తే సరి, తగ్గిన సరుకు బరువు సీసం తూగుతుంది. తనిఖీవాళ్ళు వస్తే తీసి సొరుగులో వేసుకోవచ్చు. ఇన్నేళ్ళ కిటుకు నా ముక్కు ముందు వేలాడుతోంది. నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే ఉన్న దర్జీ వైపు చూశాను. ఆయన మొహం చూస్తే, తన ఇంటి పంచదార మొత్తం ఆ బిళ్ళలో కనపడుతున్నట్టుంది.

మా బావ కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. అంతసేపు తుడవడం నేనెప్పుడూ చూడలేదు.

"గుర్రానిదమ్మా," అన్నాడు. "జీను ఒక పక్కకి ఒరిగిపోతుంటే రెండో పక్క తగిలించే బరువు."

ఆ పిల్ల కళ్ళు చేటంతయ్యాయి. "మా నాన్నకి గుర్రం ఉండేదా?"

బావ కళ్ళజోడు మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నా వైపు తిరిగింది. "పెద్దనాన్నగారూ, మీరు చెప్పండి. మీకూ నాన్నకీ పడేది కాదుగా, ఆయన్ని పొగడాల్సిన పని మీకు లేదు. నిజంగా ఉండేదా?"

నేను గొంతు సవరించుకున్నాను. సభల్లో మాట్లాడినవాణ్ణి, మంత్రుల ముందు తడబడనివాణ్ణి.

"ఉండేది," అన్నాను. "నువ్వు పుట్టకముందు. తెల్లది."

"మహా పొగరుబోతుది," అని దర్జీ అందుకున్నాడు. "మీ నాన్న మాట తప్ప ఇంకెవరి మాటా వినేది కాదు."

వెనక నుంచి ఎవరో, అది తన పెరట్లో మొక్కలన్నీ మేసిందని నిష్ఠూరమాడారు. ఇంకొకరు దాని మీద ఎక్కి పడ్డారట, మోకాలు మీద మచ్చ కూడా చూపించారు. పావుగంటలో ఆ గుర్రానికి వయసొచ్చింది, జబ్బు చేసింది, నయమైంది కూడా. ఆ వరండాలో పెద్దాయన చేతి తూకం తిననివాడు ఒక్కడు లేడు. ఒక్కడూ నోరు జారలేదు.

ఆ పిల్ల బిళ్ళను కొంగుతో తుడుచుకుంటూ వెళ్ళిపోయాక నేను బావని పట్టుకున్నాను.

"అదేంటో నీకు తెలుసు కదూ?"

"చేతిలో పడగానే తెలిసింది."

"మరి మేనేజరు గారి కుండీ?"

"ఉమ్మితొట్టి. ఆవిడ రోజూ దాన్ని తోమి, పూలు పెట్టుకుంటోంది బావా. నన్నేం చెప్పమంటావు?"

"అయితే ఇన్నాళ్ళూ గుర్రానివన్నవి..."

"నాకు తెలియని వస్తువు ఇంతవరకూ నా దగ్గరికి రాలేదు," అని బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నువ్వు తెల్లదని ఎందుకన్నావు? నేను ఎర్రది అందామనుకున్నాను."

మర్నాడు కొట్టు తెరిచారు. మొదటి బేరం నాదే కావాలని బావని వెంటబెట్టుకుని పోయాను. సీసం బిళ్ళ గోడ మీద వేలాడుతోంది, కింద "నాన్నగారి గుర్రం జీను బరువు" అని రాసి ఉంది. కిలో పంచదార అడిగాను. ఆ పిల్ల కాటా మీద సరిగ్గా కిలో తూచి నా సంచిలో పోసింది. ఆ పైన డబ్బాలో చెయ్యి పెట్టి నిండు దోసెడు తీసింది.

"కిలో అయిందిగా తల్లీ," అన్నాను.

"గుర్రాన్ని మేపిన ఇల్లండీ మాది. దోసెడు పంచదార దగ్గర చూసుకుంటామా?" అంది.

సంచి మూతి ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకున్నాను.