కాంగా మీది మాట

సముద్రపు ఒడ్డు ఊరు జంబియానీలో ఆడవాళ్ళు నోటితో తిట్టుకోవడం తక్కువ. కడుపులో మాటేదైనా ఉంటే, ఆ మాట అచ్చువేసిన కాంగా గుడ్డ కొనుక్కొచ్చి నడుముకు చుట్టుకుంటారు. ఎవరికి తగలాలో వాళ్ళ వాకిలి ముందునుంచి తీరిగ్గా నడిచిపోతారు.

మ్వనకోంబో వాకిలి ముందు అలా నడిచింది ఆమె ఆడపడుచు సివెమా. ఎర్ర కాంగా, అంచున నల్లటి అక్షరాలు: ‘సిగ్గు వదిలినదాని మొహం నేను చూడను.’

మ్వనకోంబో చేసిన నేరం, ఈత నేర్చుకుంటాననడం. ఆ ఊళ్ళో ఈత మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళ సముద్రం మోకాలి లోతే. నీరు తీసినప్పుడు వెళ్ళి, అమ్మకానికి పెంచే నాచు మొలకలు తాళ్ళకు కట్టి, పోటు వచ్చేలోపు ఒడ్డెక్కాలి. మొగుడు పడవతో సహా మునిగిపోయాక మ్వనకోంబో తన కూతురితో సివెమా ఇంట్లోనే తలదాచుకుంది. సివెమా తిండి పెట్టలేదనను, పెట్టింది. పెట్టిన ప్రతి ముద్దకూ దెప్పింది కూడా. నాచు పండించి విడిగా ఓ గది వేసుకున్నాకే మ్వనకోంబో కడుపునిండా తిన్నది. ఇప్పుడు ఒడ్డు దగ్గర నీళ్ళు వేడెక్కి నాచు కుళ్ళిపోతోంది. లోతు నీళ్ళలో అయితేనే బతుకుతుంది. లోతుకు పోలేకపోతే ఆమెకు మళ్ళీ ఆ ముద్దే గతి.

మొదటి రోజు అలవాటు కొద్దీ కాంగా కట్టుకునే దిగింది. తడిసిన గుడ్డ కాళ్ళకు చుట్టేసుకుంది. ఉప్పునీళ్ళు మింగి, దగ్గుతూ లేచింది. ఒడ్డున సివెమా.

“ఏమే, మొగుణ్ణి వెతకడానికి దిగావా?”

ఎంత మాట! మ్వనకోంబో ఇంటికెళ్ళి కూతురు చూడకుండా ఏడ్చింది. ఏడుపయ్యాక ఒళ్ళు మండింది. మర్నాడు కూతురి ప్యాంటు, పొడుగు గౌను వేసుకుని మళ్ళీ దిగింది.

పొరుగూరి నుంచి వచ్చి ఈత నేర్పే సుబీరా ఆమె వీపు కింద చెయ్యి పెట్టింది. “ఒళ్ళు వదులు అక్కా. బిగుసుకుంటే మునుగుతావు.”

“వదిలితే పట్టుకునేదెవరే?”

“నీళ్ళే.”

“మా ఆయన్ని బానే పట్టుకున్నాయిలే!”

సుబీరా చెయ్యి మాత్రం తియ్యలేదు. చాలాసేపటికి మ్వనకోంబో మెడ సడలింది, తర్వాత నడుము. చెవులు నీళ్ళలో మునిగాయి, ఒడ్డునుంచి దెప్పుతున్న సివెమా గొంతు వినబడడం మానేసింది. సుబీరా చెయ్యి ఎప్పుడు తీసిందో ఆమెకు తెలియనే లేదు. తేలుతూనే మొగుణ్ణి తలుచుకుంది. భయం పోలేదు గానీ, దాన్ని మోయగలనని తెలిసింది.

ఏడాది తిరిగేసరికి మ్వనకోంబో నాచు లోతు నీళ్ళలో బుట్టలకొద్దీ పండింది. ఊరి ఆడవాళ్ళకు ఈత నేర్పడం ఆమె పనైంది. నీళ్ళంటే వణికేవాళ్ళను ఏరికోరి తనే పట్టుకునేది. వాళ్ళను తేల్చడానికే పుట్టాననిపించేది ఆమెకు.

ఒకరోజు నీళ్ళలోకి సివెమా వచ్చింది. ఆమె నాచూ కుళ్ళిపోయింది. లోపల ప్యాంటు, పైన అదే ఎర్ర కాంగా. నడుము లోతులో నిలబడి దిక్కులు చూసింది.

“నేర్పుతున్నావటగా?”

మ్వనకోంబో ఏడాదిగా దాచుకున్న మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. అల వచ్చినప్పుడల్లా సివెమా ఒడ్డువైపు ఓ అడుగు వెనక్కి వేస్తోంది.

“ముందు ఆ కాంగా విప్పు వదినా. కాళ్ళకు చుట్టుకుని కిందికి లాగేస్తుంది.”

సివెమా అంచున ఉన్న అక్షరాల వంక చూసుకుని, తలెత్తకుండా విప్పింది. మ్వనకోంబో తన వీపు కింద చెయ్యి పెట్టగానే సివెమా ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“వదిలెయ్యవు కదే?”

“నువ్వు పెట్టిన ముద్దలు ఇంకా ఈ ఒంట్లోనే ఉన్నాయి వదినా. నిన్నెలా వదుల్తాను? ఒళ్ళు వదులు.”