ఎవరికి ఎవరు జమానత్

మొన్న మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే బస్సు చెడిపోయి ఆగింది. రోడ్డు పక్క కల్లంలో ఆరబోసిన ఆముదపు కాయలు ఎండకు టప్‌టప్‌మని చిట్లుతున్నాయి. గింజలు ఎగిరి దూరంగా పడుతున్నాయి. ప్రయాణికులు డ్రైవరును తిట్టుకుంటుంటే నేను మాత్రం ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాను. అది విన్నప్పుడల్లా నాకు మునీర్ సాహెబ్ గుర్తుకొస్తారు. ఆయన ఆముదం పండించలేదు, అమ్మలేదు. కానీ దాని ధర పడిపోతే ఊళ్లకు ఊళ్లు ఎట్లా కూలుతాయో, మళ్లీ కూలకుండా ముందే ఏం చేసుకోవాలో ఆయన చూపించగా చూసినవాణ్ణి నేను.

నిజాం కాలం మాట. ముప్పైల మొదట్లో పంటల ధరలు పాతాళానికి పోయాయి. మా ప్రాంతంలో రైతులు కలిసి పెట్టుకున్న అప్పుల సంఘాలను అంజుమన్ అనేవారు. పట్నంలోని పెద్ద బ్యాంకు అంజుమన్‌కు డబ్బు ఇచ్చేది, అంజుమన్ రైతుకు ఇచ్చేది. అప్పు తీసుకునే ప్రతివాడికీ ఇంకొకడు జమానత్ ఉండాలి. అంటే వాడు కట్టలేకపోతే నేను కడతానని పూచీ పడాలి. ధరలు పడ్డ ఏడాదే చేవెళ్ల అంజుమన్ తలుపులు మూసుకుంది. కొన్నేళ్ల తర్వాత దాన్ని మళ్లీ తెరవడానికి బ్యాంకు ఒప్పుకుంది, అయితే తాము పంపే తనిఖీ అధికారి సరేనని సంతకం చేస్తేనే. ఆ అధికారే మునీర్ సాహెబ్.

నేనప్పుడు పట్నంలో ఒక దినపత్రికలో కొత్తగా చేరాను. మాది మొయినాబాద్‌లో దుకాణం నడిపే కుటుంబం. చేవెళ్ల అంజుమన్ పెద్ద పాపిరెడ్డి పటేల్ మా నాయనకు స్నేహితుడు. ఒకరోజు ఆయన బండి కట్టుకుని మా ఇంటికే వచ్చాడు. మిరుగు కార్తె దగ్గర పడుతున్నది, విత్తనాలకు చేతిలో పైసా లేదు, సాహెబ్ సంతకం పెట్టడం లేదు అని గోడు వెళ్లబోసుకున్నాడు. "మా నోట్ల మన్ను గొడుతుండు తమ్మీ. నీ పేపర్ల రాయి, పట్నంల పెద్దోళ్లు సూడాలె" అన్నాడు. నాకు అదే మొదటి పెద్ద వార్త. రెక్కలు కట్టుకున్నట్టు మరునాడే చేవెళ్లకు పోయాను.

మునీర్ సాహెబ్ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. షేర్వానీ అంచు సైకిలు గొలుసులో పడకుండా నడుముకు చుట్టి కట్టుకుని ఆలూరు వైపు నుంచి వస్తూ కనిపించారు. నేనెవరో చెప్పగానే నవ్వారు. "అఖ్బార్ సాబ్, రాసుడు ఎప్పుడన్న రాయొచ్చు. జర సూసి రాయుండ్రి" అని నన్ను చావడికి తీసుకుపోయారు.

అప్పు కోరుతున్న రైతులంతా అక్కడ ఉన్నారు. ఆ కాలంలో ఎండకు తలకు, చెమటకు భుజానికి తువ్వాల లేని మగవాడు ఉండడు. సాహెబ్ ఒక్కొక్కరినీ నీకు జమానత్ ఎవరని అడిగి, నీ తువ్వాల కొసను వాడి తువ్వాలకు ముడివేసి నడుముకు చుట్టుకో అన్నారు. ఇదేం పిల్లల ఆట అని కొందరు గొణిగారు. కొందరు నవ్వుతూనే వేశారు. పాపిరెడ్డికి ఆయన బావమరిది, బావమరిదికి పక్క చేను ఆయన, ఆ పక్క చేనాయనకు ఇంకొకడు. తిరిగి తిరిగి ఆఖరివాడికి జమానత్ ఎవరంటే పాపిరెడ్డే. ఆ చివరి ముడి కూడా పడేసరికి అందరూ ఒకే వలయంలో నిలబడ్డారు. అప్పుడు సాహెబ్ వాళ్లలో బలంగా ఉన్న ఒకతన్ని వెనక్కి వాలమన్నారు. అతను వాలాడు. పక్కవాడు తూలాడు, వాడి పక్కవాడు కాలు నిలదొక్కుకోలేక కూలబడ్డాడు, చూస్తుండగానే వలయమంతా ఒకరి మీద ఒకరు పడిపోయింది. చావడి అంతా నవ్వులు.

నవ్వులు ఆగాక సాహెబ్ వాళ్ల దగ్గరికి వచ్చారు.

"పోయినసారి గిట్లనే పడ్డరు కద?" అన్నారు మెల్లగా. "అందరు ఏసింది ఆముదమే. అందరికి జమానత్ ఆముదపోడే. ఒక్కని ధర పడ్డదంటే అందరిది పడ్డట్టే. గియ్యి ఇంతమంది జమానత్‌లు కావు. ఒక్కటి గూడ కాదు."

పాపిరెడ్డి లేవలేదు. కింద కూర్చునే ముడి విప్పుకుంటున్నాడు. పోయినసారి ఇతరుల జమానత్‌ల కిందే ఆయన తమ్ముడి పొలం వేలానికి పోయిందని, ఆ తమ్ముడు ఊరు విడిచి మిల్లు కూలీకి పోయాడని నాకు తర్వాత తెలిసింది. ఈసారి అప్పు దొరక్కపోతే తన చేను కూడా బీడుపడుతుంది. అట్లాగని జమానత్ అడిగినవాడికి కాదనడం మా వైపు పెద్ద అవమానం. అడిగితే ఉండాలి, ఉన్నాక వాడి చేను ఎట్లా ఉందో చూడకూడదు. చూస్తే నమ్మకం లేనట్టు. సాహెబ్ ఆ రోజు చెప్పిన కొత్త నియమాలు సరిగ్గా ఈ మర్యాదనే తిరగేశాయి. నీకు జమానత్ ఉన్నవాడికి నువ్వు ఉండకూడదు. నీ పంట మీద బతకనివాడిని వెతుక్కోవాలి. వాడు నీ చేను చూసి, అడగవలసింది అడిగాకే జమానత్ ఉండాలి.

అంజుమన్‌లో సభ్యుడై ఉండి ఆముదం మీద బతకనివాడంటే ముందుగా కుమ్మరి ఎల్లయ్యే. అతని గూనపెంకులు పట్నంలో కొత్త ఇండ్లకు బండ్ల కొద్దీ పోయేవి. కానీ పటేల్ పోయి కుమ్మరిని చెయ్యి చాచి అడగడమా? పాపిరెడ్డి మండిపడ్డాడు. ఆయన వాళ్లంతా అంతకంటే ఎక్కువ మండిపడ్డారు. సాహెబ్ ఒక్కటే మాట అన్నారు: "ఇజ్జత్ విత్తనం లెక్క మొలుస్తదంటే, పటేల్ సాబ్, ఇప్పుడే సంతకం పెడ్త."

రెండు మూడు రోజులు ఎవరూ కదల్లేదు. పడమట మబ్బులు పట్టడం మొదలైంది. నేను పట్నం పోలేదు. ఏం జరుగుతుందో చూడకుండా ఎట్లా పోతాను? ఒక పొద్దున పాపిరెడ్డి నా దగ్గరకొచ్చి, తన వాళ్లెవరూ వెంట రామన్నారని, నన్ను తోడు రమ్మని అడిగాడు.

ఎల్లయ్య మన్ను తొక్కుతున్నాడు. పటేల్‌ను చూసి మన్నులోంచి బయటికి రాబోయి, ఎందుకో ఆగి, అట్లాగే తొక్కుతూ నిలబడ్డాడు.

"ఎల్లయ్యా, నాకు జమానత్ ఉండాలె" అన్నాడు పాపిరెడ్డి, ఎటో చూస్తూ.

"ఉంట పటేలా. గని ముందుగాల నీ చేను జూపియ్యి. సూడకుంట ఉండొద్దన్నడు సాహెబ్."

పటేల్ ముఖం కందగడ్డ అయింది. కానీ నడిచాడు. ముందు ఆయన, వెనక కాళ్లకు మన్నుతో ఎల్లయ్య, ఆ వెనక నేను. దారి పొడుగునా ఇండ్లలోంచి తలలు బయటికొచ్చాయి. ఎల్లయ్య చేలోకి దిగి మట్టి పిడికిట్లో తీసుకుని నలిపాడు. బావిలోకి తొంగి చూశాడు. మట్టితో బతికినవాడు, ఆ చూపు తొందరపడేది కాదు.

"అంత ఆముదమే ఏస్తవా?"

"అంత ఆముదమే. మంచి ధర ఉన్నది."

"అట్లయితే నేనుండ పటేలా."

పాపిరెడ్డి చేతిలో కర్ర ఉంది. కొడతాడేమో అనుకున్నాను. ఆయన ఆ ఎర్రనేల కొస వైపు తిరిగి చూశాడు. ఆ కొసన ఉన్న చెలక ఒకప్పుడు తమ్ముడిది.

"సగం జొన్న ఏస్త" అన్నాడు చివరికి. "అప్పుడుంటవా?"

"అప్పుడెందుకుండ? పా, యేలు ముద్ర ఏస్త."

ఇంత మాత్రానికే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు చేవెళ్లలో నేను చూసిన సంబరం మరెక్కడా చూడలేదు. గొల్లాయన రెడ్డి చేనులో నడుస్తున్నాడు, రెడ్డి గొర్లను లెక్కబెడుతున్నాడు, చెప్పులు కుట్టే మల్లయ్య ఒకాయన ఎద్దు పండ్లు చూసి ముసలిదని పెదవి విరిచాడు. ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ, తగాదా పడుతూ, ఊరంతా ఊరినంతా తనిఖీ చేసింది. సాహెబ్ సంతకం పెట్టిన సాయంత్రమే వాన దిగింది. పత్రికకు నేను రాయదలచింది ఒకటి, పంపింది ఇంకొకటి.

యుద్ధం మొదలయ్యాక ఒక సంవత్సరం ఓడలు నిలిచిపోయి ఆముదం కొనేవాడు లేకుండా పోయాడు. అప్పుడే అంజుమన్ మళ్లీ మునిగిందని పట్నంలో పుకారు లేచింది. మా పత్రికలో నలుగురు నాతో ఖాయంగా చెప్పారు. నీకెవరు చెప్పారని ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే, నాలుగోవాడికి చెప్పింది మొదటివాడే. అప్పుడు నేను సైకిలెక్కి చేవెళ్లకు పోయాను. అంజుమన్ తలుపులు తెరిచే ఉన్నాయి. పాపిరెడ్డి జొన్నలు అమ్మి కిస్తు కడుతున్నాడు. పక్కన కూర్చున్న ఎల్లయ్య ఆయన్ను వచ్చే ఏటి సంగతి నిలదీస్తున్నాడు.

మునీర్ సాహెబ్ తర్వాత బీదర్ వైపు బదిలీ అయ్యారు. మళ్లీ కలవలేదు. నేను మాత్రం పత్రికలో ఉన్నన్నాళ్లూ, ముగ్గురు చెప్పారు సార్, ఇక అచ్చు వేయొచ్చు అని కుర్రాళ్లు పరుగెత్తుకొస్తే, ఆ ముగ్గురినీ వదిలేసి వాళ్లతో ఏ సంబంధమూ లేని ఒక్కణ్ణి వెతుక్కురమ్మని పంపేవాణ్ణి. వాళ్లు విసుక్కుంటూ పోయేవారు. తిరిగొచ్చేదాకా ఆ పేజీలో అంత జాగా ఖాళీగా ఉంచి కూర్చునేవాణ్ణి.