శుక్రవారం చెడిపోయే కారు

1974. మద్రాసు చింతాద్రిపేటలో, కూవం ఏటి కంపు తగిలే సందులో మా నాన్న పెట్టిన కార్ల షెడ్డు. ఫిజిక్సులో డిగ్రీ తీసుకుని ఆ షెడ్డును నేను నడుపుతుంటే, వచ్చిన ప్రతివాడూ "మేస్త్రి లేరా?" అని అడిగేవాడు. "ఎదురుగానే ఉంది, చెప్పండి" అనేదాన్ని.

ఆ ఏడాది నా ప్రాణం తోడేసింది సుందర శెట్టి కారు. ఆయన పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. సరుకు వ్యాన్లన్నీ మా దగ్గరే సర్వీసు. షెడ్డు నిలబడిందే వాటి మీద. ఈ కారు మాత్రం ముచ్చటపడి కొన్నది. ఎవరో దొర వదిలివెళ్ళిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, దానికి రెండు కార్బురేటర్లు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించేవి అవే. రెండూ ఒకే తీరుగా అందిస్తేనే, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నిలకడగా తిరుగుతుంది. దాన్ని ఐడ్లింగ్ అంటాం. శెట్టిగారి కారుకు లేనిది అదే. గుర్రున లేస్తుంది, నీరసంగా పడుతుంది, చివరికి ఆగిపోతుంది.

ప్లగ్గులు మార్చాను. పాయింట్లు సరిచేశాను. గాలి దొంగదారిన దూరుతోందేమోనని గాస్కెట్లు కొత్తవి వేశాను. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ నోట్లో పెట్టి, రెండింటి బుసా ఒకటయ్యేదాకా స్క్రూలు తిప్పాను. షెడ్డులో ఇంజన్ తంబురాలా పలికేది. శనివారం వచ్చేసరికి మళ్ళీ మా గుమ్మంలో!

"ఏందక్కా ఇది? చుమ్మా చుమ్మా, ఊరూరికే ఆగిపోతా ఉండాది. నిన్న గుడికాడ అందరూ నవ్వినారు."

"మా కాడ ఆగదు శెట్టిగారూ. మీ ఇంట్లోనే దానికి రోగం."

"సెరి, చాతగాదని చెప్పండి. ఈ తూరి సరికాకుంటే వ్యాన్లు గూడా వేరే కాడికి పంపిస్తా."

స్క్రూడ్రైవరు చేతికి చిక్కిన మగవాడు ఊరుకున్న దాఖలా నేనెరగను. ఈయనే తిప్పుతున్నాడేమోనని, స్క్రూల మీద రంగుచుక్క పెట్టి పంపాను. తిరిగొచ్చినప్పుడు చుక్క చెదరలేదు. నాకు ఇంకా ఒళ్ళు మండింది. లెక్క చూస్తే, ఎప్పుడు ఆగినా గుడి దగ్గరే, శుక్రవారమే. ఆ శుక్రవారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను.

బానెట్ ఎత్తి ఉంది. శెట్టిగారి తల్లి కనకమ్మ గంధం గిన్నెతో ఇంజన్‌కి బొట్లు పెడుతోంది. అందులో వింతేముంది, మద్రాసులో బొట్టు లేని ఇంజన్ ఎక్కడుంది? కానీ కార్బురేటర్ల పక్కన పెట్రోలు నిలిచే చిన్న తొట్లు రెండుంటాయి. వాటి మూతల మీద ఆవగింజంత రంధ్రం. గాలి అందులోంచి పోతేనే పెట్రోలు సరిగా పారుతుంది. ఆమె వేలు నేరుగా ఆ రంధ్రం మీదికే పోయింది. గంధం, పైన కుంకుమ.

"అమ్మా, ఆడ పెట్టొద్దండి! దానికి ఊపిరాడదు."

"ఏం మాట పాపా అది? శుక్రవారం పూట బొట్టు లేకుండా పంపమంటావా? మూత నడిమిన గుర్తు గూడా దేవుడే పెట్టినాడు, బొట్టు ఈడ పెట్టమని."

"అది పెట్టింది దేవుడు కాదు, కంపెనీవాడు. మీ ముక్కులో గంధం పెడితే ఊరుకుంటారా?"

"నా ముక్కూ బండి ముక్కూ ఒకటేనా?"

బొట్టు రేడియేటర్ మీదికి మార్చడానికి ఆమె ఒప్పుకునేసరికి నా గొంతు పోయింది. జడలోంచి పిన్ను తీసి రంధ్రాలు పొడిచాను. బండి స్టార్టు చేస్తే, ఇంజన్ బుద్ధిగా, నిలకడగా తిరిగింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న శెట్టిగారు నేలచూపులు చూస్తూ, "అమ్మనేమీ అనబాకండక్కా. వ్యాన్లు యాడికీ పోవు" అన్నాడు.

ఏ ఇంజన్నయినా ముట్టుకునే ముందు పెట్రోలు గుడ్డతో తుడవడం మా నాన్న పెట్టిన పద్ధతి. శెట్టిగారి కారు వచ్చిన ప్రతిసారీ, గంధంతో పాటు ఆ గుడ్డే రోగాన్ని తుడిచేసింది. లేని రోగానికి మేము మందు వేస్తూ కూర్చున్నాం. ఇప్పుడు తుడవకముందే చూస్తాను. ఐడ్లింగ్ నిలవడం లేదని ఎవరొచ్చినా ముందుగా అడిగేది ఒకటే: "మీ ఇంట్లో శుక్రవారం పూజ ఎవరు చేస్తారు?"

మొన్న ఒకాయన ఆ ప్రశ్న విని, జాతకం చెప్పమన్నట్టు భక్తిగా నా ముందు అరచెయ్యి చాపాడు.