నలభై ఐదు శాతమూ, నాన్న కండువా

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా వైపు పిల్లలకి పేర్లుండేవి కావు, మార్కులే ఉండేవి. "తొమ్మిది వందల ఎనభై వాళ్లమ్మాయి", "ఫిజిక్సు పోయినోడు" అనే చెప్పుకునేవారు. ప్రత్తిపాడు పక్కనున్న మా ఊళ్లో ఆ వేసవంతా నేను "లెక్కల్లో ఇరవై ఏడమ్మాయి"ని. డెబ్బై ఐదుకి ఇరవై ఏడు. రెండో ఏడాది చివరి లెక్కల పేపర్లో వచ్చిన ఘనత అది. పాసే, కాకపోతే పాసు గీత మీద కాలి బొటనవేలు ఆనించి నిలబడ్డ పాసు. సంస్కృతంలో తొంభై ఎనిమిది వచ్చింది గానీ (ఒక్క శ్లోకం కూడా నోటికి రాదు, అది వేరే సంగతి) దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఎంట్రన్సులో ర్యాంకు ఫరవాలేదనిపించేలాగే వచ్చింది. కానీ ఇంజనీరింగు సీటుకి ర్యాంకొక్కటే చాలదనీ, ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ కలిపి నలభై ఐదు శాతం ఉండి తీరాలనీ, సర్టిఫికెట్లు చూపించడానికి మూడు రోజులుందనగా తెలిసింది. కాగితం, పెన్నూ తీసుకుని వసారాలో కూర్చున్నాను. రెండేళ్ల పేపర్లన్నీ కలిపితే ఆరు వందలకి రెండు వందల ఇరవై ఆరు. భాగిస్తే ముప్పై ఏడు చిల్లర. మూడుసార్లు భాగించాను. మూడుసార్లూ అదే వచ్చింది. నా జీవితంలో ఒక లెక్క మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే జవాబు రావడం అదే మొదలు కాబట్టి నమ్మేశాను. ఇంట్లో ఇంటర్ దాకా చదివింది నేనొక్కదాన్నే, అందుకని నా లెక్కని కాదనేవాళ్లు లేరు.

ఇక చూడాలి మా ఇల్లు. పొద్దున్నే బాబాయి వచ్చి, అరుగు మీద కూర్చుని, కాసేపు నేల వంక చూసి, "పోన్లేమ్మా, మన చేతుల్లో ఏవుంది" అన్నాడు. (అంతకుముందు ఆయన అదే గొంతుతో ఆ మాట అన్నది మా గేదె చచ్చిపోయినప్పుడు.) అమ్మ మాత్రం ఓదార్పుల జోలికి పోలేదు. "రేపట్నించి చేలో పత్తిగింజలు పెట్టడానికి రా. అక్కడ శాతాలేం అడగరు" అంది. వాళ్ల మాటలకి ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు దుప్పటి ముసుగేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. కంప్యూటర్ల చదువు తప్ప ఇంకేదీ వద్దని రెండేళ్లుగా అనుకుంటున్నదాన్ని. ఆ ఒక్క సీటు పోతే ఇంక నాకేమీ లేదనే అనిపించింది.

నాన్న ముప్పై ఏళ్లుగా మిరప వేస్తున్న మనిషి. ఆ రోజుల్లో గుంటూరు యార్డులో ధర పైకి చెప్పేవారు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన కండువా కప్పి, లోపల వేళ్లు పట్టుకుని బేరం తేల్చుకునేవారు. అందుకని ఈ లోకంలో ఏ అంకె అయినా కండువా కిందకి వస్తే కాస్త అటూ ఇటూ కదులుతుందని నాన్నకి గట్టి నమ్మకం. రెండ్రోజులు ఆలోచించి, మూడో రోజు ఉతికిన కండువా భుజాన వేసుకుని, "పదమ్మాయ్, మాట్లాడదాం. నాలుగు తాలుకాయలు కనబడ్డంత మాత్రాన టిక్కీ మొత్తం తాలంటే ఎట్టా?" అన్నాడు. (టిక్కీ అంటే మిరప బస్తా. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఆ పూటకి నేనన్నమాట.)

మంగళగిరి దగ్గర ఒక కాలేజీలో సర్టిఫికెట్లు చూస్తున్నారు. మా వంతు వచ్చింది. బల్ల వెనకాల కళ్లజోడు సారు ఒకాయన చెయ్యి చాపి "మెమో ఇవ్వండి" అన్నారు. నాన్న మెమో ఇవ్వలేదు. ఆ చాపిన చెయ్యి పట్టుకుని, దాని మీద కండువా కప్పేశాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను భూమిలోకి కూరుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాను, భూమే ఒప్పుకోలేదు.

"ఏంటండీ ఇది?" అన్నారు సారు.

"పిల్లకి ఏడున్నర తగ్గిందండీ. పైకి అడిగితే బాగోదని..." నాన్న గొంతు తగ్గించాడు. మా నాన్న గొంతు తగ్గిస్తే మూడు గదుల అవతలికి వినిపిస్తుంది. "కొత్త కాయ సార్, నాణెమైనదే. ఒక్క కోతలో కాస్త తాలొచ్చింది. తమరు చూసీ చూడనట్టు ఒదిలేస్తే..."

సారు కోప్పడతారనుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "మాది ఒంగోలు వైపండీ. మా నాయన కూడా ఇట్టాగే కండువా కప్పేవాడు" అని, రెండో చేత్తో నా దగ్గరున్న మెమో అందుకుని, కాలిక్యులేటర్ నొక్కారు. మళ్లీ నొక్కారు. నా వంక చూశారు.

"శాతం ఎవరేశారమ్మా?"

"నేనే సార్."

"ప్రాక్టికల్సు కలిపావా?"

ప్రాక్టికల్ మార్కులు పెళ్లిలో తాంబూలం లాంటివి, వచ్చినవాళ్లందరికీ ఇస్తారు. అరవైకి యాభై ఆరు వచ్చాయి నాకు. అవీ మార్కులేనని నాకు తోచనే లేదు. అలాగని కింద వేసుకున్న ఆరు వందల్లోంచి ఆ అరవై తీసెయ్యాలని కూడా తోచలేదు.

"లెక్కల్లో ఇరవై ఏడు ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైంది" అన్నారు సారు. తర్వాత, అందరి ముందూ నా పరువు ఇంకా తియ్యడం ఎందుకనుకున్నారో ఏమో, జవాబు నోటితో చెప్పలేదు. కండువా కింద నాన్నకే చెప్పారు. నాకు కనిపించింది కదులుతున్న గుడ్డ ఒక్కటే. ముందు నాలుగు వేళ్లట. కాస్త ఆగి ఐదు, ఆ పైన రెండు.

"నలభై ఏడా!" అని నాన్న వేసిన కేక వరండాలో ఉన్నవాళ్లు కూడా విన్నారు.

సీటొచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు మా ఊరి మలుపు తిరిగాక, దిగబోతూ నాన్న, "తాలు లెక్కెయ్యడం అందరికీ వచ్చమ్మాయ్. మంచికాయ కూడా లెక్కలోకి తీసుకోవాల" అన్నాడు. తిట్టాడేమో అనుకుని అప్పుడు తల వంచుకున్నాను.

ఇప్పుడు యార్డులో బేరాలన్నీ కంప్యూటర్ తెర మీదే నడుస్తున్నాయి. నాన్న కండువా చెమట తుడుచుకోవడానికి తప్ప పనికిరావడం లేదు. నేను మంగళగిరిలోనే ఒక కంప్యూటర్ల ఆఫీసులో పని చేస్తున్నాను (అక్కడ కూడికలు మిషన్లు చేస్తాయి, దేవుడున్నాడు). ఈమధ్య ఒకరోజు ఊరెళ్లి, ఏడాదంతా ఆఫీసులో నేను చేసిన తప్పులన్నీ వరసగా ఏకరువు పెడుతున్నాను. నాన్న విన్నంతసేపు విని, నా చెయ్యి తీసుకుని దాని మీద కండువా కప్పాడు. నాలుగు వేళ్లు నొక్కాడు. కాస్త ఆగి ఐదు, ఆ పైన రెండు.