రెండు టింకాలు, ఒక తిట్టు

మా కంపెనీ చేసే యాప్ పేరు టింకా. ఆ మాటకు ఏ భాషలోనూ అర్థం లేదని, అందుకే ఎవరికీ అభ్యంతరం ఉండదని ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు చెప్పారు. హిందీలో గడ్డిపోచ అని అర్థమట. ఆ సంగతి కనిపెట్టేసరికి బోర్డులన్నీ రాయించేశారు.

మొదట అది ఇళ్ళలోవాళ్ళు మాట్లాడుకోవడానికి, ఫోటోలు, వీడియోలు పంపుకోవడానికి చేసిన యాప్. బాగా నడిచింది. తర్వాత ఆఫీసుల కోసం టింకా వర్క్ అని ఇంకోటి తెచ్చారు. కొన్నాళ్ళకు పెద్దవాళ్ళంతా కూర్చుని, కంపెనీ పేరు ఆఫీసు యాప్‌కే ఉంటే గౌరవంగా ఉంటుందని తీర్మానించారు. ఒక్క అప్‌డేట్‌తో టింకా వర్క్ వట్టి టింకా అయిపోయింది. ఇళ్ళలో వాడే అసలు టింకా, టింకా వన్ అయింది. బొమ్మ రెండింటికీ ఒకటే, నీలం గుండ్రం మీద తెల్లచుక్క. ఒకదాని నీలం ఇంకోదానికంటే కాస్త ముదురు. ఇద్దరు బిడ్డలకు ఒకే పేరు పెట్టి, పిలిస్తే వేరే బిడ్డ పలికిందని ఊరివాళ్ళను తిట్టే తల్లిని నేను ఎక్కడా చూడలేదు. మా కంపెనీ మాత్రం ఆ పని చేసింది.

ఊరివాళ్ళను తిట్టే ఉద్యోగం నాది. తిట్టడమంటే నిజంగా తిట్టడం కాదు, మర్యాదగా తప్పు మీదేనని ఒప్పించడం. తిరుపతిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, తెలుగువాళ్ళు ఫోన్ చేస్తే జవాబు చెబుతాను. కింద అమ్మా నాయనా ఉంటారు. నాయనకు వీధి చివర పిండిమిషను ఉంది.

ఒకసారి చిత్తూరు నుంచి ఒక పళ్ళడాక్టరు ఫోన్ చేశాడు. పీకిన దవడపన్ను ఫోటో తోటి డాక్టర్లకు పంపబోయి, కూతురికి సంబంధం మాట్లాడుతున్నవాళ్ళ గ్రూపులో పెట్టాడట. నెత్తురుతో సహా. అటువైపు నుంచి మాటా పలుకూ లేదట.

"రెండిటికీ అదే పేరు పెడితిరి, అదే బొమ్మ పెడితిరి. నేనేం సేసేది మేడమ్?" అన్నాడు ఆయన, దాదాపు ఏడుపు గొంతుతో.

"సార్, ఒకదాని కింద వన్ అని రాసి ఉంటుంది. చదివి నొక్కాలండీ. మీరు చదువుకున్నవాళ్ళు కదా," అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ కథ ఆఫీసు గ్రూపులో చెప్పి అందరినీ నవ్వించాను కూడా.

ఆ తర్వాత మే నెల వచ్చింది. తిరుపతిలో మేలో గంగజాతర. మా ఊరికి వచ్చే యాత్రికులకు కొండ తెలుసు, లడ్డు తెలుసు. ఊళ్ళో మాకు మాత్రం గంగమ్మ ఇంటి ఆడబిడ్డ. ఆ వారమంతా మొక్కుకున్నవాళ్ళు రోజుకో వేషం కడతారు. ఒకరోజు ఒంటినిండా కుంకుమ పూసుకునే బండ వేషం, మరునాడు బొగ్గు పూసుకుని నడుముకు వేపాకు కట్టుకునే తోటి వేషం. ఆ రెండు రోజులూ వేషం కట్టినవాళ్ళు వీధుల్లో కనిపించినవాళ్ళను నోటికొచ్చినట్టు తిడతారు. అచ్చులో పెట్టలేని మాటలు కూడా ఉంటాయి. ఎవరూ కోపం తెచ్చుకోరు. అమ్మవారి పేరున తిట్టు తగిలితే ఆ ఏడాది పీడ విరగడైనట్టే. తల్లులు చంటిబిడ్డలను ఎత్తుకొచ్చి మరీ తిట్టించుకుంటారు.

మా నాయన మొక్కు నా మీదిదే. నా చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసి, కళ్ళు తెరవకుండా పడి ఉన్నానట. బిడ్డ బతికితే ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు వేషం కడతానని నాయన మొక్కుకున్నాడు. ఏడాది పొడుగునా పిండితో తెల్లగా కనిపించే మనిషి ఆ వారం ఎర్రగా, నల్లగా అవుతాడు. ఆ రోజుల్లో పొద్దున్నుంచి నోట్లో మెతుకు వేసుకోడు. మామూలు రోజుల్లో పిల్లిని కూడా అదిలించని మనిషి, వేషం కట్టి మొదట మా గడప ముందు నిలబడి నన్ను తిడతాడు. ఆ తర్వాతే వీధి. అంత పొగరుగా, అంత ముద్దుగా నన్ను ఇంకెవరూ తిట్టలేదు.

జాతర మొదలయ్యే ముందు ఆయన ఫోన్ మిషను బెల్టు కింద పడి నలిగిపోయింది. నా పాత ఫోన్ ఇచ్చాను. ఇచ్చేముందు అందులోంచి ఆఫీసు టింకా తీసేసి, ఇంటి టింకా ఉంచాను. నాయనకు ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని నా కొత్త ఫోన్‌లో చూపించాను. "ఈ నీలం బొమ్మ నొక్కు నాయనా. అన్నిటికంటే పైన ఉండేది మన ఇంటి గ్రూపు. అది నొక్కి వీడియో తీసి వదిలెయ్, అంతే." నాయన బుద్ధిగా తలూపాడు.

బండ వేషం రోజున నాకు పెద్ద మీటింగు పడింది. కొత్తగా టింకా కొనబోయే కంపెనీలవాళ్ళు కూడా వచ్చే మీటింగు. నాయన కుంకుమ పూసుకుని మెట్ల కింద నిలబడి పిలిచాడు.

"దిగిరా పాపా. నీకు కాకుండా ఎవురికీ బోణీ సేసేది లేదు."

"మీటింగుండాది నాయనా. వీడియో తీసి పంపు, ఈడనే సూస్తా," అన్నాను. వీడియోలో తిట్టు తగులుతుందా లేదా అని ఆయన అమ్మను అడగడం వినిపించింది. "తగలక యాడికి పోతాదిలే," అంది అమ్మ.

మీటింగు మధ్యలో అందరి కంప్యూటర్లూ ఒక్కసారి టింగుమన్నాయి. కంపెనీ మొత్తం ఉండే గ్రూపులో నా పేరు మీద ఒక వీడియో వచ్చింది. మా మేనేజరు అప్పుడే తన తెర అందరికీ చూపిస్తున్నాడు. ఏదో పనికి సంబంధించిందనుకుని నొక్కాడు. తెర నిండా మా నాయన. జుట్టుతో సహా కుంకుమ, చెమటకు కారిన ఎర్రటి చారలు, గుడ్లు ఉరిమి చూస్తూ.

"ఏమే గాడిదా! నీ మొగం మండా! పొద్దస్తమానం ఆ డబ్బా ముందర కూసునే దానా, నీ నోట్లో మన్ను పడా! నీ పాడె కట్టా! దిగొస్తావా, నన్నే పైకి రమ్మంటావా?"

ఇంకా ఉంది, రాయను. మా టింకాకు ఒక గొప్ప గుణం, ఏ భాషలో మాట్లాడినా కింద ఇంగ్లీషు అక్షరాలు వాటంతట అవే పడతాయి. నిన్ను పాడె మీద పడుకోబెడతాను, నీ గదిలోకి వస్తున్నాను అని పడ్డాయి. పూణేలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో మీటింగు ఆపేశారు.

వెంటనే మేనేజరు నాకు ఫోన్ చేశాడు. ఆయన హైదరాబాదులో పెరిగిన తెలుగువాడే, జాతర గురించి మాత్రం ఎన్నడూ వినలేదు. "ఎవరతను? నీ అకౌంటు నుంచే వచ్చింది. నువ్వు క్షేమంగా ఉన్నావా? పోలీసులకు చెప్పమంటావా?" అని అడిగాడు. ఆ గొంతులో నిజమైన కంగారు ఉంది. రెండు ముక్కల్లో చెప్పగలిగిన విషయం. ఆయన మా నాయన, ఇది మా ఊరి జాతర, అది దీవెన అంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్ళుగా ఆ గదిలోంచి నేను కట్టుకున్న మర్యాదస్తురాలి వేషం ఒకటి ఉంది. దాని పక్కన నాయన ఎర్రటి మొహం నిలబడితే నాకు సిగ్గేసింది. దాచేదేముంది, మా నాయనను చూసి నేను సిగ్గుపడ్డాను.

"తెలీదు సార్. నా పాత ఫోన్ పోయింది. ఎవడో తాగుబోతు చేతిలో పడినట్టుంది," అన్నాను.

"నీకు తెలిసినవాడు కాదు కదా?"

"కాదు సార్. నాకు తెలీదు."

ఫోన్ పెట్టి తల తిప్పితే గుమ్మంలో నాయన. తిట్టు అందిందో లేదో కనుక్కుందామని మెట్లెక్కి వచ్చినట్టున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో అడిగే ధైర్యం నాకు లేదు. తప్పు చేసినవాళ్ళకే నోరు పెద్దదంటారు. నేను ఎదురు లేచాను.

"యాడ పంపినావు నాయనా? ఆఫీసంతా సూసినారు! పేరు సూసి నొక్కల్ల కదా!"

"నువ్వు సూపించినట్టే నొక్కినా పాపా," అన్నాడు. "నీలం బొమ్మ, పైన ఉండేది." ఫోన్ బల్ల మీద పెట్టి, మెల్లగా మెట్లు దిగిపోయాడు.

కుంకుమ వేలిముద్రలు తుడిచి ఫోన్ తెరిచాను. అందులో ఉన్నది ఒక్కటే నీలం బొమ్మ. దాని కింద టింకా అని ఉంది, వన్ లేదు. ఇన్నేళ్ళూ టింకా అంటే ఇంటిదే అని అలవాటుపడిన నా చెయ్యి టింకా వన్‌ను తీసేసి, ఆఫీసుదాన్ని ఉంచింది. రోజుకు ఎంతోమందికి చదివి నొక్కమని చెప్పే మనిషిని, నేను చదవకుండా నొక్కాను. నాయన పొరపాటు ఇందులో ఇసుమంత కూడా లేదు. చిత్తూరు డాక్టరుకు నేను చెప్పిన నీతి గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి.

కానీ పేర్ల గొడవకు పడిన సిగ్గు ఆ పూటతో చల్లారేదే. అసలైన సిగ్గు ఇంకోటి. దానికి టింకాను తిట్టి తప్పించుకోలేను. యాప్ వల్ల వీడియో తప్పు చోటికి పోయింది గానీ, తెలీదు సార్ అని నా చేత అనిపించలేదు.

సాయంత్రం అమ్మ వంటింట్లోంచే అడిగింది. "తాగుబోతని అన్నావంటనే? పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టకుండా తిరిగినాడే ఆ మనిషి."

నాయన పెరట్లో కొళాయి కింద కుంకుమ కడుక్కుంటున్నాడు. నేను వెళ్ళి నిలబడ్డాను. "నాయనా, తప్పయిపోయింది," అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "ఉద్యోగాల్లో అట్లా అనాల్సొస్తాదిలే. పోనీ," అన్నాడు. కోప్పడి ఉంటే కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. అంత నెమ్మదిగా మాట్లాడితే ఏం చేయాలో తోచక తువ్వాలు అందించి వచ్చేశాను.

మేనేజరుకు నిజం రాయాలని చాలాసేపు కూర్చున్నాను. అబద్ధం ఆడానని ఎలా చెప్పను, ఉద్యోగం ఉంటుందా, జాతర ఫలానా అని ఎంతని వివరించను అని వందసార్లు ఆలోచించి, మరునాడు చూద్దాంలే అనుకున్నాను. నాయన మనసు కరిగితే ఇక రాయకపోయినా ఫరవాలేదన్న దొంగ ఆలోచన కూడా ఒక మూల ఉంది.

మరునాడు తోటి వేషం. సెలవు పెట్టి, తలస్నానం చేసి, పిలవకముందే మెట్లు దిగి గడప ముందు నిలబడ్డాను. నాయన ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని ఇంట్లోంచి వచ్చాడు. డప్పులు వీధి మలుపు దగ్గర వినిపిస్తున్నాయి. నేను తల వంచాను. ఎంత పెద్ద తిట్టయినా సరే, పడనీ అనుకున్నాను.

"జరగండమ్మా. దారి ఇయ్యండి," అన్నాడు.

మర్యాదగా, మీరు అని. పరాయి ఊరి యాత్రికులు అడ్డం వస్తే ఆయన మాట్లాడే తీరు అది. నాకు మొదట అర్థం కాలేదు. తల ఎత్తి, "నేనే నాయనా. తిట్టు," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

బొగ్గు మొహంలో కళ్ళు మాత్రమే తెల్లగా కనిపిస్తున్నాయి. అందులో కోపం లేదు. ఆయన చెప్పింది కూడా దెప్పినట్టు కాదు, ఆచారం తెలియనివాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు.

"తెలియని మనుషుల్ని తిట్టకూడదమ్మా."

నేను పక్కకు జరిగాను. నాయన నన్ను దాటి పక్కింటి గడప ముందుకు పోయాడు. అక్కడ ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని సిద్ధంగా నిలబడి ఉంది. "ఏమే గాడిదా, నీ పాడె కట్టా!" అన్నాడు నాయన. వీధంతా వినపడింది. ఆ పిల్ల పకపకా నవ్వింది.