నలభై సైకిళ్లు చూపించిన రోజు

ఆ ఒక్క రోజు నష్టం ఇది: పంక్చర్లు పదకొండు, పేలిపోయిన టైర్లు మూడు, తెగిన చైను ఒకటి, చైనులో పడి చిరిగిన పంచె ఒకటి, దారిలో ఎక్కడో జారిపోయిన చెప్పు ఒకటి. నలభై మంది ఒక రోజు పని కూడా వేయాలి గానీ, ఆ ఆషాఢంలో వాన లేక విత్తనమే పడలేదు. ఎవరికీ పని లేదు. అందుకని దాన్ని లెక్కలోంచి తీసేశాను.

తొంభైల చివరి మాట ఇది. అనంతపురం జిల్లాలో మా ఊరికి బస్సు లేదు. బస్సు పోయే మెయిన్ రోడ్డు ఆరు కిలోమీటర్లు. మా అక్కకు చక్కెర జబ్బు. ప్రతి సోమవారం టౌను ఆసుపత్రికి పోయి వారానికి సరిపడా మాత్రలు తెచ్చుకోవాలి. మోకాళ్లు సరిగా వంగవు. ఒకసారి నా సైకిలు క్యారియర్ మీద నుంచి పడింది, మళ్లీ ఎక్కనంది. రోడ్డు దాకా నడిచి పోయేది, రోడ్డు నుంచి నడిచి వచ్చేది.

బస్సు కావాలని డిపోలో అడిగితే, రోజుకు నలభై మంది ఎక్కుతారని చూపిస్తే ఆలోచిస్తామన్నారు. సంతకాలు ఎవరైనా పెడతారు, మనుషుల్నే చూపిద్దామన్నాను నేను. నేను చదివింది ఐదో తరగతి. శనక్కాయల మండీలో మూటలు తూచేచోట నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. ఊళ్లో లెక్క అంటే నా మాటే. మా ఊరి సైకిళ్లు పందొమ్మిది, పక్క పల్లెలవి పద్నాలుగు, షాపులో బాడుగకు ఏడు. సరిగ్గా నలభై. టౌను ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, గంటకు పన్నెండు చొప్పున రెండు గంటల ఇరవై నిమిషాల్లో చేరతామని చెప్పాను.

గాలిని లెక్క వేయలేదు. మట్టిదారిలో తుమ్మముళ్లు సరేసరి, రోడ్డెక్కాక ఆషాఢం గాలి ఎదురు కొట్టింది. తొక్కిన దూరం కంటే దిగి తోసుకుంటూ నడిచిన దూరమే ఎక్కువ. నాలుగున్నర గంటలు పట్టింది. అయినా లెక్కపెట్టడానికి వీలుగా ఉంటుందని డిపో గోడ పొడవునా సైకిళ్లు వరుసగా నిలబెట్టించాను.

మేనేజరు బయటికొచ్చి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచి చూశాడు. కోపంగా ఏమీ లేడు.

"అందరికీ సైకిళ్లుండాయి కదప్పా. ఇంక బస్సెందుకు మీకు?"

నేను వరుస వైపు తిరిగి చూశాను. నలభై మందిలో ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క ముసలివాడు లేడు. సైకిలు తొక్కలేనివాళ్లకే బస్సు కావాలి. వాళ్లను నేను ఊళ్లోనే వదిలి వచ్చాను.

తిరుగుదారిలో గాలి వెనక నుంచి తోసింది. పక్కన తొక్కుతున్న మా చిన్నాన్న కొడుకు, "బాగా లెక్క చేసినావులే అన్నా. బస్సెక్కేవాళ్లనంతా ఇంట్లో పెట్టి, ఎక్కనోళ్లను పిల్చుకొని పోయినావు" అన్నాడు.

అక్క అరుగు మీద కూర్చుని ఉంది. బస్సు ఎప్పటి నుంచి అని అడిగింది. నిజం చెప్పే ఓపిక లేకపోయింది నాకు.

"ఇంగ రెండు వారాలు ఓర్చుకోక్కా."

"రెండేనా? అట్లయితే నడుచ్చాలే" అంది.

బస్సు మూడేళ్లకు వచ్చింది, మా వల్ల కాదు. మూడేళ్లంటే నూట యాభై ఆరు సోమవారాలు. జ్వరం వచ్చి ఆమె పోనివి పదకొండు. నేను చెప్పిన రెండు వారాలు తీసేస్తే నూట నలభై మూడు. పోనూ రానూ పన్నెండు కిలోమీటర్ల చొప్పున, అక్కకు నేను పదిహేడు వందల పదహారు కిలోమీటర్లు బాకీ. ఆమె ఒక్కసారీ అడగలేదు. ఈ రోజుకూ అది అంతే ఉంది.